కారుచౌక కారు కొనకండి

(హైదరాబాద్‌లో పాత కార్ల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం, తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాల పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర చెడగొట్టుకుని ఇంతమంది వచ్చారు, సంతోషం. మీలో కొంతమందికి పాత బండి ఇప్పటికే ఉంది. వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు, వాళ్ళ మెకానిక్ ఎప్పుడో చెప్పేసి ఉంటాడు. కొందామని తిరుగుతున్నవాళ్ళ కోసమే ఈ మాటలు.

పాత కారు కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పమన్నారు. ముందు ఏం చూడకూడదో చెప్తాను. రేటు. డబ్బుకి లెక్కలేదని ఈ మాట అనట్లేదు, మీ డబ్బు మిగలాలనే అంటున్నా. బండి మొత్తం చూసి, కాయితాలు చూసి, కింద దూరి చూసి, అప్పుడు అడగండి ఎంతకిస్తారని. మనవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. "అన్నా, అంబాసిడర్ ఒకటి ఎనభై వేలకి వస్తోంది, పట్టేయమంటావా?" అని ఫోను. ఏ మోడలు, ఫ్లోర్ ఎట్లుంది, ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది అనడిగితే, "అవన్నీ చూడలేదన్నా, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని అడ్వాన్సు ఇచ్చేసిన" అంటాడు. అడ్వాన్సు ఇచ్చాక నన్నెందుకు అడగడం, చెప్పండి.

ఈ రోజు నేను పద్మిని గురించి, అంబాసిడర్ గురించే ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఈ గదిలో ఉన్నవాళ్ళు కొనేవి అవే. చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళి నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసొచ్చి అలాంటిది కావాలనేవాళ్ళుంటే, వాళ్ళకి వేరే ప్రసంగం, వేరే బ్యాంకు. (నవ్వులు)

ముందు ఈ రెండు బళ్ళ చరిత్ర రెండు ముక్కల్లో చెప్తా, రేటుకీ దానికీ సంబంధం ఉంది కాబట్టి. ముంబైలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు 1964లో ఫియట్ 1100 డిలైట్ తీశారు. అదే 70ల్లో ప్రెసిడెంట్ అయింది, ఆ తర్వాత పద్మిని అయింది. పేరు మారినా లోపల అదే 1089 సీసీ ఇంజిన్. అటుఇటుగా 2000 దాకా తయారైంది. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ అంబాసిడర్ ఇంకా ఎక్కువ కాలం నడిచింది. 50ల చివర్లో మొదలై 2014 మే నెలలో ఆగింది. అంటే ఇవి మ్యూజియం వస్తువులేం కావు. ఒక బండి పోతే ఇంకొకటి వస్తుంది. ఎక్కడా దొరకని కారైతే ఎంత పాడైనా దొరికిందే భాగ్యం అని తీసుకోవచ్చు. పద్మినికి ఆ తొందరెందుకు? రోడ్డు మీద లేకపోయినా షెడ్లలో, పెరళ్ళలో, కల్యాణ మండపాల వెనకాల ఇంకా చాలానే ఉన్నాయి. ఆరు నెలలు ఆగితే మంచిది దొరుకుతుంది. ఒకప్పుడు ఇవే కార్ల కోసం బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూశారు మన పెద్దవాళ్ళు. మనం ఆరు నెలలు ఆగలేమా?

ఇప్పుడు లెక్క వేద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి, మీ ఊరి షెడ్డులో అడిగి మీ అంకెలు పెట్టుకోండి. రెండు పద్మినిలు ఉన్నాయనుకుందాం. మొదటిది 90 వేలు, "కొంచెం పని ఉంది సార్" అన్న రకం. రెండోది 2 లక్షల 60 వేలు, ఒకే కుటుంబం చేతిలో ఉన్న బండి, రంగు వెలిసింది గానీ తుప్పు లేదు. చూడగానే మనసు ఎటు పోతుంది? లక్షా డెబ్భై వేలు మిగులుతున్నాయి కదా, ఆ డబ్బుతో బాగుచేయించుకుందాం అని మొదటి దాని వైపే పోతుంది. సరే, షెడ్డుకి తీసుకెళ్ళారు. టింకరింగు, అంటే రేకు పని, వెల్డింగు కలిపి లక్ష. రంగు 80 వేలు. బంపర్లకీ బీడింగులకీ క్రోమ్, డోరు రబ్బర్లు, అద్దాలు కలిపి 40. సీట్లు, డోరు ప్యాడ్లు 30. బ్రేకులు, కింద సామాను 35. వైరింగు 15. మూడు లక్షలు. బండి ధరతో కలిపి 3 లక్షల 90 వేలు. రెండో దానికి బ్రేకులు, రబ్బర్లు, ట్యూనింగు అంతా కలిపి ఒక 40 వేలు పెట్టినా మూడు లక్షల్లో తేలిపోతుంది. రేపు అమ్మాల్సి వస్తే మార్కెట్లో రెండింటికీ ఒకటే రేటు. పైగా మొదటి దానికే తక్కువ అడుగుతారు, ఎందుకంటే వెల్డింగు చేయించిన బండి అని కొనేవాడికి తెలిసిపోతుంది.

ఇంక టైము సంగతి ఎవరూ లెక్కలో వేసుకోరు. టింకరింగు మేస్త్రీకి మీ పాత బండి కన్నా ఇన్సూరెన్స్ క్లెయిముకి వచ్చిన కొత్త బండి ముద్దు. అందులో పని తొందరగా అవుతుంది, డబ్బూ తొందరగా వస్తుంది. మీ బండి షెడ్డు మూలన నాలుగు ఇటుకల మీద కూర్చుంటుంది. విప్పిన సామాను గోనెసంచిలో పడుతుంది. ఆ సంచి ఎవరో జరుపుతారు. డోరు హ్యాండిల్ స్ప్రింగు, అద్దం దింపే మెషీను క్లిప్పు, ఇలాంటి చిన్న చిన్నవి మాయమవుతాయి. వాటి కోసం విజయవాడ ఆటోనగర్, అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, అక్కడా లేకపోతే ముంబై చోర్ బజార్. క్లిప్పు ఖరీదు యాభై రూపాయలు, దాని కోసం చేసిన ప్రయాణాల ఖర్చు మీ ఆవిడకి చెప్పకండి. అలా అలా తడిసి మోపెడవుతుంది.

కండిషన్ కండిషన్ అంటాం గానీ, బండి మొత్తంలో దేని కండిషన్ చూడాలి అన్నది ఇంకా ముఖ్యం. అమ్మేవాళ్ళందరూ అనే మాట "రన్నింగ్ కండిషన్ సార్, సెల్ఫ్ కొడితే స్టార్టు". నా దృష్టిలో పాత కారులో అన్నిటికన్నా తక్కువ విలువైన గుణం అదే. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ గానీ, పద్మిని ఇంజిన్ గానీ మన ఊళ్ళలో తెలియని మెకానిక్ లేడు. బోరింగు వేసే లేత్ షాపు ప్రతి పట్టణంలో ఉంది. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు దొరుకుతాయి. ఎంతవుతుందో ముందే చెప్పగలిగిన ఖర్చు ఇంజిన్ ఖర్చు ఒక్కటే. ఇంజిన్ పట్టేసిన బండి, కానీ ఒళ్ళు గట్టిగా ఉంది, కాయితాలు సవ్యంగా ఉన్నాయి అంటే, ఆ ఇంజిన్ పేరు చెప్పి రేటు తగ్గించుకుని తెచ్చుకోండి. బాడీ పోయి ఇంజిన్ గడియారంలా నడిచే బండిని మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

బాడీ ఎందుకంత ముఖ్యమో చెప్తా. జీపు ఉంది, లారీ ఉంది. వాటికి కింద వేరే ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉంటుంది, పైన బాడీ బోల్టులతో కూర్చుంటుంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఆ రకమే. పద్మినికీ అంబాసిడర్‌కీ అలా వేరే ఛాసిస్ లేదు. ఫ్లోరు, పక్కన డోర్ల కింద పోయే పెట్టె లాంటి రేకు, స్తంభాలు, టాపు అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకటే డబ్బా. ఆ డబ్బాయే బండి బరువంతా మోస్తుంది. డోరు కింద రేకు తుప్పు పట్టిందంటే అందం పోయిందని కాదు, బండి నడుం పోయిందని. దాని మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడమంటే చెదలు తినేసిన ద్వారబంధానికి వార్నిష్ పూసినట్టే.

కాబట్టి బండి చూడటానికి వెళ్ళినప్పుడు ఏం చేయాలంటే, మొదట పగలు వెళ్ళండి. సాయంత్రం లైట్లలో ఏ బండైనా పెళ్ళికొడుకే. రెండోది, బండి పొడిగా ఉండాలి. మీరు వచ్చే ముందే కడిగి ఉంచితే తడి మీద వెలిసిన రంగు కూడా మెరుస్తుంది, ఆరేదాకా కూర్చోండి, టీ తాగండి. ఒక చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి మెత్తటి గుడ్డ, టార్చి, పాత స్క్రూ డ్రైవరు, వీలైతే మీ జాకీ తీసుకెళ్ళండి.

అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి మడ్‌గార్డుల అంచుల మీద, డోర్ల కింది భాగంలో, వెనక చక్రం పైన గుండ్రంగా ఉంటుందే అక్కడ నెమ్మదిగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట వదిలేస్తుంది. వేలితో కొడితే శబ్దం కూడా మారుతుంది, టంగుమనాల్సింది మొద్దుగా వినిపిస్తుంది. అరచెయ్యంత చోట పుట్టీ ఉంటే పర్లేదు, అరవై ఏళ్ళ బండికి ఎక్కడో ఓ సొట్ట పడకుండా ఉండదు. డోరు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టకపోతే ఇంక మాటల్లేవు.

తర్వాత డోరు తెరిచి కింది అంచు చూడండి. అక్కడ నీళ్ళు పోవడానికి చిన్న చిన్న కంతలు ఉంటాయి. వాన పడితే అద్దం పక్క నుంచి నీళ్ళు డోరు లోపలికి దిగుతాయి, అది సహజమే. ఆ కంతల్లోంచి బయటికి పోవాలి. దుమ్ముతో పూడిపోయినా, రంగు కొట్టినాయన కంతల మీద కూడా కొట్టేసినా, నీళ్ళు లోపలే నిలుస్తాయి. తుప్పు రేకుని లోపలి నుంచి బయటికి తింటుంది. బయట రంగు కింద చిన్న పొక్కు కనబడిందంటే లోపల రేకు అప్పటికే అయిపోయిందని లెక్క.

ఇప్పుడు బండి లోపల కింద పరిచిన మేటు లేపండి. ఓనరు "అది అతికించాం సార్" అంటారు. నవ్వుతూనే లేపండి. డ్రైవరు కాళ్ళ దగ్గర, ముందు సీటు కింద, వెనక సీటు కింద. తడి వాసన వస్తే ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పోయిందని. స్క్రూ డ్రైవరు పిడితో కొట్టి చూడండి, మొనతో ఊరికే పొడవకండి, బండి ఇంకా మీది కాదు. రేకు మీద రేకు పెట్టి వెల్డు చేసిన అతుకులు కనబడతాయి. అతుకు వేయడం తప్పేం కాదు. పాత తుప్పు కోసి తీసేసి కొత్త రేకు పెట్టారా, తుప్పు మీదే దుప్పటి కప్పారా అన్నది చూడాలి. కింద నుంచి టార్చి వేస్తే తెలిసిపోతుంది. కింద అంతా కొత్తగా నల్లటి తారు కోటింగు నిగనిగలాడుతుంటే మాత్రం, మొన్నమొన్నే ఎందుకు కొట్టించారండీ అని మర్యాదగా అడగండి.

కింద దూరినప్పుడే వెనక కమాను కట్టల, అంటే లీఫ్ స్ప్రింగుల, ముందు చివర చూడండి, బాడీకి బిగించే చోటు. ఆ రెండు బళ్ళకీ వెనక కమాన్లే. అక్కడ మట్టి పేరుకుని తేమ పట్టి ఉంటుంది. అది ఊడిందంటే ఇరుసు పక్కకి జరుగుతుంది, రోడ్డు మీద ప్రాణానికే ముప్పు.

చివరిగా జాకీ. డోర్లు వేసి, ఒక పక్క మధ్యలో జాకీ పెట్టి చక్రాలు కొంచెం లేచేదాకా ఎత్తండి. ఇప్పుడు ఆ పక్క డోరు తెరిచి మూయండి. మామూలుగా పడితే బండి గట్టిది. డోరు పట్టేసినా, సందు పైన వెడల్పై కింద ఇరుకైనా, బాడీ వంగుతోందని. జాకీ పెట్టిన చోట రేకు కరకరమని లోపలికి పోతే అప్పుడే దించేసి, నమస్కారం పెట్టి వచ్చేయండి. అమ్మేవాళ్ళు ఈ పరీక్షకి ఒప్పుకోకపోతే అది కూడా ఒక జవాబే.

మొన్న ఒక కుర్రాడితో కలిసి బందరు వైపు ఒక పద్మిని చూడ్డానికి వెళ్ళాను. క్రీమ్ కలరు, లోపల ఎర్ర సీట్లు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మేము బోనెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మేము వస్తున్నామని తెలిసి, చల్లటి ఇంజిన్ మొరాయించేది కనబడకుండా ముందే వేడి చేసి పెట్టారు. అది చిన్న విషయం, మేటు లేపాక పెద్ద విషయం బయటపడింది. డ్రైవరు వైపు ఫ్లోరు స్థానంలో నూనె డబ్బా రేకు. తమాషా కాదండీ, డబ్బా మీది అక్షరాలు ఇంకా చదవొచ్చు. కుర్రాడు అప్పటికీ నా చెవిలో అడుగుతున్నాడు, "ఇంకో పదివేలు తగ్గించమని అడగనా అంకుల్?" అని. సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదు. విశాఖ, కాకినాడ, బందరు బళ్ళు చూసేటప్పుడు మరీ జాగ్రత్త. అనంతపురం, కర్నూలు వైపు ఉన్న బండికి తుప్పు తక్కువ. అక్కడ ఎండకి రబ్బర్లు ముక్కలవుతాయి, డ్యాష్‌బోర్డు పగులుతుంది. రబ్బరు కొనుక్కోవచ్చు. ఫ్లోరు ఏ కొట్లోనూ కొలతకి దొరకదు.

కాయితాల గురించి నిజానికి మొదట చెప్పాల్సింది. ఎవరికీ ఆసక్తి ఉండదని మధ్యలో పెట్టాను. (నవ్వులు) మన చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చవకగా వచ్చే బళ్ళలో చాలావాటికి ఈ రెన్యువల్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఎన్నేళ్ళ బకాయి, గ్రీన్ ట్యాక్స్ ఎంత, ఆలస్యానికి ఎంత, ఇదంతా కొనేముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోవాలి. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకోండి. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, లేకుండా ఇక్కడ ఏ పనీ జరగదు. ఢిల్లీలో పాత బళ్ళ మీద ఆంక్షలు వచ్చాక అక్కడి నుంచి చవకగా బళ్ళు దిగాయి. వాటి రేటు చూసి మురిసిపోయినవాళ్ళు ఇక్కడి లైఫ్ ట్యాక్సు లెక్క వేసుకోలేదు.

మన దగ్గర ఇంకో రకం ఉంది. పెద్దాయన పోయి పదేళ్ళయింది, ఆర్సీ ఇంకా ఆయన పేరునే ఉంది, పిల్లలు ముగ్గురూ అమెరికాలో. ఊళ్ళో ఇల్లు చూసుకునే మేనల్లుడు బండి అమ్ముతున్నాడు. బండి బంగారమే కావచ్చు. అయినా వారసుల పేరుకి మారి, వాళ్ళ సంతకాలు పడి, అప్పుడు మీ పేరుకి రావాలి. "తర్వాత పంపిస్తారు లెండి" అంటే, పంపించాకే డబ్బు ఇస్తానని చెప్పండి. ఇక ప్రభుత్వ ఆఫీసుల్లో తిరిగిన అంబాసిడర్లు. ప్రభుత్వ వాహనాలకి 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ ఉండదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. అవి తుక్కుకి పోవాల్సిందే. "కలెక్టరు గారి బండి సార్, వేలంలో వచ్చింది" అంటే ఎప్పటి వేలం, ఎప్పుడు పేరు మారింది, ఆర్సీ బతికుందా అని చూడండి. తెల్ల రంగు, ఎర్ర బుగ్గ ఊడదీసిన గుర్తు చూసి పడిపోకండి.

ఒరిజినల్‌గా ఉండటానికి చట్టంలో కూడా ఇప్పుడు విలువ వచ్చింది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. బాడీ, ఛాసిస్, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అప్పుడు వీఏ అక్షరాలతో నంబరు వస్తుంది, ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ బండిని రోజూ ఆఫీసుకి వేసుకుపోవడానికి లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటి వాటికే. పోనీ అది వేరే సంగతి. 70ల మొదట్లోని అంబాసిడర్లు, ఫియట్‌లు ఇప్పుడు ఆ వయసుకి వచ్చేశాయి. చవకగా దొరికే వాటిలో చాలావాటికి ఎవరో ఎప్పుడో డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. పెట్రోలు ఖర్చు భరించలేక చేశారు, వాళ్ళని తప్పుపట్టను. కానీ ఆ బండి ఈ నంబరుకి పనికిరాదు. ఇంజిన్ మార్చినట్టు ఆర్సీలో ఎక్కించకపోతే మామూలు రెన్యువల్‌కి కూడా చిక్కే.

ఇంజిన్ గురించి గబగబా చెప్పేస్తా. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఆయిలు తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్లటి ఆవిరి ఆగకపోతే ఇంజిన్ పైభాగంలో సీలు లాంటి హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఆయిలు పోసే మూత తీసి చూడండి, వెన్నలాంటిది అంటుకుని ఉంటే నీళ్ళు కలిశాయి. అంబాసిడర్ అయితే ముందు చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి, చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ అరుగుదల తెలుస్తుంది. గ్రీజు పెట్టని బండి అక్కడే దొరికిపోతుంది. ఇవన్నీ బేరానికి పనికొచ్చేవే గానీ బండి వద్దనడానికి కారణాలు కావు.

"ఇరవై ఏళ్ళుగా షెడ్డులో పెట్టిన బండి, అసలు తిరగలేదు" అంటే మురిసిపోయేవాళ్ళకి ఒక మాట. తిరగకపోవడం కండిషన్ కాదు. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది, చక్రాల దగ్గర సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుంటాయి. ట్యాంకులో పెట్రోలు జిగురై అడుగున పేరుకుంటుంది. క్లచ్ ప్లేటు అతుక్కుంటుంది. ఎలుకలు వైరింగు తింటాయి. వారానికోసారి గుడికో మార్కెట్‌కో వెళ్ళొచ్చిన బండి దీనికన్నా నయం. అయినా షెడ్డు బండికి ఒక్క మేలుంది. పైన కప్పు ఉంటే ఒళ్ళు మిగిలి ఉంటుంది. అప్పుడు తీసుకోండి, బ్రేకుల ఖర్చు రేటులో తగ్గించుకోండి.

ఇంక ప్రశ్నలు తీసుకుంటా.

సభలోంచి: సార్, ఎక్కువ రేటు పెడితే మంచి కండిషన్ వచ్చినట్టేనా?

కానే కాదు. మార్కెట్లో అన్నిటికన్నా ప్రమాదం చవక బండి కూడా కాదు, తాజాగా రంగు కొట్టిన ఖరీదైన బండి. చవక బండి తన జబ్బుని దాచుకోదు, కనబడుతుంది. కొత్త రంగు కింద ఏముందో ఆ దేవుడికి తెలియాలి. పని చేయించేటప్పుడు తీసిన ఫోటోలు ఉన్నాయా అని అడగండి. రంగు తీసేసిన రేకు ఫోటోలు, ఫ్లోరు కోసినప్పటి ఫోటోలు. మనసు పెట్టి చేయించినవాడు తప్పకుండా తీసుకుంటాడు, మీరు అడక్కుండానే చూపిస్తాడు. ఏమీ లేకపోతే ఆ రంగుకి పైసా ఎక్కువ ఇవ్వొద్దు. నన్నడిగితే వెలిసిన ఒరిజినల్ రంగు, అక్కడక్కడా గీతలు ఉన్న బండికే ఎక్కువ ఇస్తాను.

సభలోంచి: మా తాతగారి మార్క్ 2 అంబాసిడర్ ఉందండీ. ఫ్లోర్ పూర్తిగా పోయింది. మీరు చెప్పినదాన్ని బట్టి తుక్కుకి వేసేయాలా?

అయ్యో, లేదమ్మా. నేను చెప్పిందంతా కొనేవాళ్ళకి. మీరు కొనట్లేదు కదా, మీ ఇంట్లో ఉంది. దానికి మార్కెట్ లెక్క వర్తించదు. నాలుగు లక్షలు పెట్టి బాగుచేయిస్తే మార్కెట్లో అంత రాదు, తెలిసే పెట్టండి. ఒక్కటే సలహా, మొత్తం ఒకేసారి విప్పించకండి. ముందు కాయితాలు బతికించుకోండి, తర్వాత ఫ్లోరు, తర్వాత బ్రేకులు. రంగు అన్నిటికన్నా ఆఖర్న. మనవాళ్ళు రంగుతో మొదలుపెడతారు, తర్వాత వెల్డింగు వేడికి ఆ రంగే కాలిపోతుంది. అలాగే చేతిలో పనున్నవాళ్ళు, సొంత షెడ్డు ఉన్నవాళ్ళు, వెల్డింగు తామే చేసుకునేవాళ్ళు చవక బండి కొనొచ్చు. వాళ్ళకి కూలీ ఖర్చు లేదు, పైగా ఆ పనే వాళ్ళ సరదా. అలాంటివాళ్ళు నా ప్రసంగానికి రారు, ఈపాటికి ఏదో బండి కింద పడుకుని ఉంటారు. (నవ్వులు)

సభలోంచి: మా అబ్బాయి ఒహాయోలో ఉంటాడు. పాత మస్టాంగ్ కొంటానంటున్నాడు. అక్కడ కూడా ఇంతేనా?

అక్కడ ఇంకా ఎక్కువండీ. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కింద నుంచి బండిని తినేస్తుంది. 1964లో వచ్చిన మస్టాంగ్ కూడా మన పద్మినిలాగే వేరే ఛాసిస్ లేని బండి. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే భాగం తుప్పు పట్టి, వాన నీళ్ళు కాళ్ళ దగ్గర కారడం ఆ 60ల మస్టాంగ్‌లకి పేరుమోసిన జబ్బు. ఒక బకెట్ నీళ్ళు అక్కడ పోసి లోపల మేటు తడుస్తుందేమో చూడమనండి. వాళ్ళకి ఒక సుఖం ఉంది. ఫ్లోరు రేకులతో సహా ఆ బండికి కొత్తగా తయారుచేసి అమ్ముతారు. మనకి పద్మిని ఫ్లోరు అలా దొరకదు. అయినా అక్కడ వెల్డరు గంటకి తీసుకునే కూలీ వింటే మీవాడు ఆ ఆలోచన మానుకుంటాడు. అరిజోనా, కాలిఫోర్నియా లాంటి పొడి రాష్ట్రాల్లో తిరిగిన బండి చూసుకోమనండి. రవాణా ఖర్చు పెట్టుకున్నా లాభమే.

సభలోంచి: ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం కలుపుతున్నారు కదా. పాత బండికి ఏమవుతుంది?

పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులో డయాఫ్రమ్, కార్బరేటర్ సీళ్ళు దాన్ని తట్టుకోవు, మెత్తబడి కారతాయి. ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వేయించుకోండి, పెద్ద ఖర్చేం కాదు. ట్యాంకు నిండా పోసి నెలల తరబడి వదిలేయకండి. బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు పెట్రోలు వాసన గట్టిగా వస్తే ముందు ఇంజిన్ ఆపమని, తర్వాతే మాట్లాడండి.

ఇంకా చేతులు లేస్తున్నాయి గానీ ఎండ ఎక్కకముందే కిందకి వెళ్దాం. పార్కింగులో మనవాళ్ళవి రెండు పద్మినిలు, ఒక అంబాసిడర్ ఉన్నాయి. ఓనర్లు మేటు లేపనిస్తామని మాటిచ్చారు, జాకీ నా డిక్కీలో ఉంది. మాసినా పర్లేదు అనుకునే చొక్కా వేసుకున్నవాళ్ళు ముందు రండి.